వాతావరణం, తుపానుల గురించి సొంతంగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తచినుకు
అందరికీ నమస్కారం. ఉరుములు, మెరుపులు, తుపానులంటే నాకు చిన్నప్పటి నుంచీ విపరీతమైన ఇష్టం. చదివింది మాత్రం కామర్స్. ఇప్పుడు రాడార్, శాటిలైట్ బొమ్మలన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా, రోజూ తెరిచి చూస్తున్నాను, రంగులైతే కనిపిస్తున్నాయి గానీ ఆ రంగుల వెనక ఏం జరుగుతోందో అర్థం కావట్లేదు. ఒక యాప్ సాయంత్రం వాన అంటుంది, ఇంకో యాప్ ఎండ అంటుంది. ఉద్యోగం కోసమో పరీక్ష కోసమో కాదు, నా ఇష్టం కొద్దీ నేర్చుకోవాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు? లెక్కలు బాగా రావాలా? డాబా మీద పెట్టుకునే వెదర్ స్టేషన్ కొనాలా, లేక ముందు వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్స్ చూడటం నేర్చుకోవాలా?

పడమటిగాలి
రండి, స్వాగతం. కామర్స్ చదవడం ఏ రకంగానూ అడ్డు కాదండీ. మేఘాలకు క్యుములస్ (కుప్పలా ఎదిగేది), స్ట్రాటస్ (పొరలా పరుచుకునేది), సిర్రస్ (బాగా పైన పీచులా ఉండేది) అని 1802లో పేర్లు పెట్టిన ల్యూక్ హోవర్డ్ లండన్‌లో మందులు తయారుచేసి అమ్ముకునే మనిషి, వాతావరణం ఆయనకు ఉద్యోగం కాదు. ఆ పేర్లనే ఈరోజుకీ ప్రపంచమంతా వాడుతోంది. 2017లో ప్రపంచ వాతావరణ సంస్థ తన మేఘాల అట్లాస్‌లో ఆస్పెరిటాస్ అనే కొత్త రూపాన్ని చేర్చింది, అది కూడా మనలాంటి మామూలు జనం ఫొటోలు తీసి, ఇదొక కొత్త రకం అని పట్టుబట్టడం వల్లే.

నేను చెప్పేది ఒక్కటే. పొద్దున లేచాక యాప్ తెరవకముందే బయటికొచ్చి ఆకాశం చూసి, ఈరోజు ఏం జరుగుతుందనుకుంటున్నారో నోట్‌బుక్‌లో రాసేయండి. యాప్ ఆ తర్వాతే. రాత్రి పడుకునే ముందు నిజంగా ఏం జరిగిందో దాని కిందే రాయండి, రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో వెతకండి. యాప్ ముందు చూశామంటే ఇక ఆకాశంలో కూడా యాప్ చెప్పిందే కనిపిస్తుంది.

ఏం రాయాలంటారా? ఆకాశంలో మబ్బు ఎనిమిదింట ఎన్ని వంతులు పట్టిందో రాయండి, వాతావరణ కేంద్రాల్లోనూ ఇలాగే లెక్క వేస్తారు, ఆక్టాలు అంటారు. గాలి ఎటు నుంచి వస్తోందో రాయండి, ఎటు పోతోందో కాదు. కింది మబ్బు ఎటు కదులుతోంది, బాగా పైనున్న పల్చటి మబ్బు ఎటు కదులుతోంది, ఇది తప్పకుండా రాయండి. రెండూ వేర్వేరు దిక్కులకు పోతున్నాయంటే ఎత్తును బట్టి గాలి మారుతోందని అర్థం. విండ్ షియర్ అని పెద్ద పెద్ద చర్చలు జరిగేది దాని గురించే, మీరు ఏ పరికరమూ లేకుండా చూసేశారన్నమాట.

గ్రిడ్‌పాయింట్
పడమటిగాలి గారితో సగమే ఒప్పుకుంటాను. ఆకాశం చూస్తే రాబోయే రెండు మూడు గంటల సంగతి తెలుస్తుంది, ఎల్లుండి సంగతి తెలీదు. మోడల్స్‌ని పక్కన పెట్టమని కొత్తవాళ్లకు చెప్పడం నాకు నచ్చదు. మోడల్ ఏం చేస్తుందో తెలుసుకుని చూడమనాలి.

యాప్‌లు తలో మాట చెప్పడానికి పెద్ద కారణం అవి వాడే మోడల్స్ వేరు కావడమే. అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ రోజుకు 4 సార్లు నడుస్తుంది, 00, 06, 12, 18 యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం). అది భూమిని గడులుగా విడగొట్టి లెక్క వేస్తుంది, ఒక్కో గడి సుమారు 13 కిలోమీటర్లు. మామూలు ఉరుముల మేఘం ఆ గడిలో పూర్తిగా ఇమిడిపోతుంది, కాబట్టి మోడల్ ఆ మేఘాన్ని విడిగా చూడలేదు, అలాంటి పరిస్థితుల్లో సగటున ఎంత వాన పడొచ్చో ఒక సూత్రం పెట్టి అంచనా వేస్తుంది. దాంట్లోంచి తీసి యాప్ మీ వీధిలో 4:20కి వాన అని చూపించిందంటే ఆ నిమిషాల లెక్కకు విలువ లేదు. మధ్యాహ్నం తర్వాత ఈ ప్రాంతంలో అక్కడక్కడా ఉరుములు అన్నంత వరకు తీసుకోండి.

రెండోది ఎన్సెంబుల్. ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపించింది ఏంటంటే మొదట్లో ఉన్న అతి చిన్న తేడా కూడా పోనుపోను మొత్తం వాతావరణాన్ని వేరే దారి పట్టిస్తుందని. అందుకే యూరోపియన్ సెంటర్ వాళ్లు మొదటి పరిస్థితిని కొద్దికొద్దిగా మారుస్తూ అదే మోడల్‌ని 50 రకాలుగా నడుపుతారు. 50 గీతలూ ఒకే చోటికి పోతుంటే నమ్మకం ఎక్కువ, చెల్లాచెదురైతే తక్కువ. పది రోజుల తర్వాత భయంకరమైన తుపాను అని ఏదో ఒక్క రన్ నుంచి ఒక్క బొమ్మ తీసి గ్రూపుల్లో తిప్పుతుంటారు, దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. దాన్ని చూసి నిజంగా భయపడేవాళ్లుంటారు.

మేఘమాల
ఇద్దరి మాటా నిజమే, కానీ రెండింటికీ మధ్య ఉండాల్సింది ఒకటి మిగిలిపోయింది. అసలు ఉరుముల వాన ఎందుకు పుడుతుంది? కొత్తచినుకు గారూ, మూడు గుర్తుపెట్టుకోండి: తేమ, అస్థిరత, గాలిని పైకి లేపే కారణం. ఏ బొమ్మ చూసినా వీటిలో ఏది ఉంది, ఏది లేదు అని అడగడం అలవాటు చేసుకోండి.

తేమ కోసం హ్యుమిడిటీ శాతం చూడకండి, డ్యూ పాయింట్ చూడండి, అంటే గాలి ఎంత చల్లబడితే అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత. గాల్లో నీటి ఆవిరి అంతే ఉన్నా ఎండ ఎక్కితే శాతం పడిపోతుంది, రాత్రికి పెరుగుతుంది, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. డ్యూ పాయింట్ అలా ఊగిసలాడదు. 24, 25 డిగ్రీలుందంటే ఆ ఉక్కపోత మీ చొక్కాకే తెలుస్తుంది. దీంతో ఇంకో మంచి పని ఉంది. ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ తీసేసి 125తో గుణించండి, మధ్యాహ్నం పుట్టే క్యుములస్ మబ్బుల అడుగు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో దాదాపుగా వచ్చేస్తుంది. 34 డిగ్రీలు, డ్యూ పాయింట్ 24 అయితే 1250 మీటర్లు. నేను ఇప్పటికీ మబ్బులు కనబడగానే ఈ లెక్క వేస్తాను.

అస్థిరత ఇలా అర్థం చేసుకోండి. నేల దగ్గరి గాలి పైకి లేస్తే కిలోమీటరుకు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. అందులోని ఆవిరి మబ్బుగా మారడం మొదలయ్యాక లోపల దాగిన వేడి బయటికొస్తుంది కాబట్టి చల్లబడటం నెమ్మదిస్తుంది, వెచ్చటి తేమ గాలిలో అయితే కిలోమీటరుకు 4, 5 డిగ్రీలే. చుట్టూ ఉన్న గాలి అంతకన్నా తొందరగా చల్లబడుతూ పోతే, లేచిన గాలి ఎప్పుడూ చుట్టుపక్కల కన్నా వెచ్చగానే ఉంటుంది, ఆగకుండా లేస్తూనే ఉంటుంది, ట్రోపోపాజ్ (వాతావరణపు కింది పొర పై అంచు) దగ్గర మాత్రమే ఆగి పక్కలకు పరుచుకుంటుంది. దూరం నుంచి చూస్తే పైభాగం చదునుగా కనిపించేది అందుకే.

మరి ఉక్కపోత ఉంది, ఎండ ఉంది, కేప్ (గాలి పైకి లేవడానికి దొరికే శక్తి) కిలోకు 3000 జౌల్స్ అని చూపిస్తోంది, అయినా సాయంత్రం దాకా ఒక్క మబ్బు కూడా ఎదగని రోజులుంటాయి. ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఒక వెచ్చటి పొర మూతలా అడ్డం పడి ఉంటుంది. అది తెగితే గంటలో ఆకాశం నల్లబడిపోతుంది, తెగకపోతే ఆరోజంతా అంతే. ఈ మూత బెలూన్ సౌండింగ్‌లో, అంటే బెలూన్‌తో పరికరాన్ని పైకి పంపి ఒక్కో ఎత్తులో కొలిచిన లెక్కల్లో, కనిపిస్తుంది. ప్రపంచమంతటా 00, 12 యూటీసీకి బెలూన్లు వదులుతారు, యూనివర్సిటీ ఆఫ్ వయోమింగ్ సైట్‌లో వాటి గ్రాఫులు ఉచితంగా దొరుకుతాయి. స్క్యూ-టీ అనే ఆ గ్రాఫు చూడగానే కంగారు పుడుతుంది, కానీ మొదట రెండే గీతలు చూడండి. కుడి వైపుది ఉష్ణోగ్రత, ఎడమ వైపుది డ్యూ పాయింట్. రెండూ ఆనుకున్నట్టున్న ఎత్తులో మబ్బు ఉండొచ్చు, దూరంగా ఉంటే అక్కడ పొడి గాలి. ఉష్ణోగ్రత గీత పైకెళ్తూ ఉన్నట్టుండి కుడికి ఒరిగిందంటే మూత అక్కడుంది.

పైకి లేపేవి చాలా. బాగా కాలిన నేల, కొండ వాలు, సముద్రపు గాలి లోపలికి చొచ్చుకొచ్చే అంచు, ఇంకో ఉరుముల వాన వదిలిన చల్లగాలి అంచు. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు, సాయంత్రాల్లో ఒక వాన ఇంకో వానను పుట్టించేది ఇలాగే.

కొత్తచినుకు
మేఘమాల గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. ఒక సందేహం. నా ఫోన్‌లో బారోమీటర్ ఉంది. రోజూ మధ్యాహ్నం పీడనం 2, 3 హెక్టాపాస్కల్స్ పడిపోతోంది, టెన్షన్‌తో చూస్తూ కూర్చుంటే ఆరు దాటాక మళ్లీ పెరుగుతోంది. అల్పపీడనం ఏదైనా వస్తోందా?

పాదరసం
రావట్లేదు, నిశ్చింతగా ఉండండి. మీరు చూస్తున్నది వాతావరణంలో రోజూ వచ్చే ఆటుపోట్లు. ఉష్ణమండలంలో పీడనం ఉదయం 10, రాత్రి 10 ప్రాంతాల్లో ఎక్కువగా, సాయంత్రం 4, తెల్లవారుజాము 4 ప్రాంతాల్లో తక్కువగా ఉంటుంది. పై పొరల్లో ఓజోన్, కింది పొరల్లో నీటి ఆవిరి ఎండను పీల్చుకుని వేడెక్కడం వల్ల ఈ అలలు పుడతాయి. ఫోన్‌లో ఉండే చిన్న సెన్సర్ భూమి మొత్తం చుట్టి వచ్చే అలను పట్టుకుంటోంది, నాకైతే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అందుకే పీడనాన్ని గంట క్రితంతో పోల్చొద్దు, నిన్న ఇదే గంటతో పోల్చండి. సాయంత్రం 4కి నిన్నెంత, ఈరోజెంత. ఆ 24 గంటల మార్పులోనే అసలు సంగతి ఉంటుంది. తుపాను దగ్గర పడితే ఈ రోజువారీ లయ కనబడకుండా పోయి పీడనం కిందికే జారుతుంది. ఇంకోటి, నేల దగ్గర 8 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 హెక్టాపాస్కల్ తగ్గుతుంది. ఫోన్ పట్టుకుని మూడో అంతస్తుకు వెళ్తే పడిపోయినట్టు చూపిస్తుంది, అది ఎత్తు, వాతావరణం కాదు. ఒకే చోట పెట్టి చూడండి.

ఇంకా బయిస్ బ్యాలట్ సూత్రం నేర్చుకోండి, 1857 నాటిది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. దక్షిణార్ధగోళంలో కుడి చేతి వైపు.

వానకారు
నాదో ప్రశ్న. రాడార్‌లో సరిగ్గా మా నెత్తి మీద ఎర్రగా చూపిస్తోంది, బయట చూస్తే ఒక్క చినుకు లేదు. ఇంకోసారి రాడార్ ఖాళీ, బయట తడిసి ముద్ద. రాడార్ తప్పు చూపిస్తుందా?

డాప్లర్
రాడార్ చూసేది మీ నెత్తి మీద కాదు, మీ నెత్తికి చాలా పైన. కిరణాన్ని 0.5 డిగ్రీ పైకెత్తి పంపినా, భూమి వంపు వల్ల 100 కిలోమీటర్ల దూరంలో అది దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, 200 కిలోమీటర్ల దూరంలో 4 కిలోమీటర్లు దాటుతుంది. ఆ ఎత్తులో చినుకులున్నాయి, కింది పొడి గాలిలో ఆవిరైపోయాయి, మీకు అందలేదు. రెండోది దానికి తిరగేసినట్టు, వాన తక్కువ ఎత్తు మబ్బులోంచి పడుతోంది, కిరణం దాని పైనుంచి దాటిపోయింది. కాబట్టి ఏ రాడార్ బొమ్మ చూసినా రాడార్ మీకు ఎంత దూరంలో ఉందో ముందు తెలుసుకోండి.

రంగులు డీబీజెడ్ లెక్క. 10 పెరిగిందంటే తిరిగొచ్చే శక్తి 10 రెట్లు పెరిగినట్టు, కాబట్టి 30కీ 50కీ తేడా రంగుల్లో కనిపించేంత చిన్నది కాదు. 20 అంటే సన్న జల్లు, 40 అంటే గట్టి వాన, 55 దాటితే వడగళ్లు కలిసున్నాయేమో అనుకోవాలి. రాత్రిపూట నేల బాగా చల్లబడినప్పుడు కిరణం కిందికి వంగి నేలనే తాకి లేని వానను చూపిస్తుంది. బొమ్మ కదలకుండా ఒకే చోట ఉంటే అనుమానించండి. ఒక్క ఫ్రేమ్ చూసి ఏదీ తేల్చకండి, గంటసేపటి లూప్ చూడండి, ఎటు పోతోందనేదే కాదు, కొత్తవి ఏ అంచున పుడుతున్నాయో చూడండి.

సుడి
తుపానుల మాట ఎవరూ ఎత్తలేదు, నా ఇష్టమంతా అదే కాబట్టి నేను రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

పుట్టడానికి సముద్రం పైభాగం సుమారు 26.5 డిగ్రీలు దాటి వెచ్చగా ఉండాలి, ఆ వెచ్చదనం పైపైన కాకుండా కొన్ని పదుల మీటర్ల లోతు దాకా ఉండాలి. ఎత్తుతో గాలి మార్పు తక్కువ ఉండాలి, లేదంటే పేరుకునే వేడిని పక్కకు ఊదేస్తుంది. భూభ్రమణం వల్ల వచ్చే మెలిక కావాలి కాబట్టి మామూలుగా భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపల పుట్టవు. 2001 డిసెంబర్‌లో వామీ అనే టైఫూన్ (పడమటి పసిఫిక్‌లో తుపానును ఇలా అంటారు) దాదాపు ఒకటిన్నర డిగ్రీ దగ్గరే పుట్టి అందర్నీ ఆశ్చర్యపరిచింది.

అంకెల దగ్గర జాగ్రత్త. ఒకే తుపానుకు గాలి వేగం ఒక సంస్థ గంటకు 180 కిలోమీటర్లు అంటుంది, ఇంకోటి 160 అంటుంది, వెంటనే జనం ఎవరో దాస్తున్నారని గొడవ మొదలుపెడతారు. అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటు తీస్తాయి, భారత వాతావరణ శాఖ 3 నిమిషాలది, చాలా దేశాలు 10 నిమిషాలది. సగటు సమయం పెరిగితే అంకె తగ్గుతుంది. పోల్చేముందు ఎన్ని నిమిషాల సగటో చూడండి. గాలి తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి, 100 కిలోమీటర్ల గాలి 140 అయితే బలం దాదాపు రెట్టింపు.

శాటిలైట్‌లో ఎర్రగా, గుండ్రంగా కనిపించగానే బలపడిపోయిందనుకోవద్దు. ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ చెప్పేది మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో మాత్రమే. పగలైతే విజిబుల్ బొమ్మ తెరిచి కింది మబ్బుల సుడి ఎక్కడుందో వెతకండి. సుడి ఒక చోట, ఉరుముల మబ్బంతా ఇంకో పక్కకు జరిగి ఉంటే షియర్ దాన్ని కోస్తోందన్నమాట, ఎంత ఎర్రగా కనిపించినా ఇబ్బందుల్లో ఉంది. హిమావరి శాటిలైట్ 10 నిమిషాలకోసారి బొమ్మ ఇస్తుంది, దాన్ని లూప్‌లో చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

ఇంకొక్కటి, ఇది ప్రాణాలకు సంబంధించింది. దారి చూపించే మ్యాపులో కోన్ ఉంటుంది కదా, అది తుపాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పేది. తుపాను పరిమాణం కాదు. 1979లో వచ్చిన టిప్ టైఫూన్ 870 హెక్టాపాస్కల్స్‌తో సముద్రమట్టం దగ్గర కొలిచిన అతి తక్కువ పీడనంగా రికార్డుకెక్కింది, దాని వెడల్పు రెండు వేల కిలోమీటర్లు దాటింది. కోన్ బయట ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. తుపాను కన్ను మీదుగా పోతే గాలి ఆగిపోతుంది, ఆకాశం కూడా తేటపడొచ్చు, అయిపోయిందని జనం బయటికొస్తారు, కాసేపటికి కన్ను చుట్టూ ఉండే మబ్బుల గోడ అవతలి వైపుది వచ్చి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. గాలి కన్నా ఎక్కువ ప్రాణాలు తీసేది నీళ్లే, ఉప్పెన గానీ తర్వాత వచ్చే వరద గానీ.

మెరుపుకన్ను
చాలా నేర్చుకున్నాను. నాకు మెరుపుల ఫొటోలంటే ఇష్టం. డాబా మీద ట్రైపాడ్ పెట్టి తీద్దామనుకుంటున్నా, వాన ఇంకా మొదలు కాకముందే అయితే పర్లేదు కదా?

పడమటిగాలి
పర్లేకపోవడం కాదు, అస్సలు వద్దు. పిడుగు వాన పడే చోటే పడాలని లేదు, మేఘానికి పది కిలోమీటర్లు, అంతకన్నా దూరంలో కూడా పడుతుంది. మెరుపు కనబడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టండి, 3 సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు వినపడిందంటే పిడుగు పడగల దూరంలో ఉన్నారు, లోపలికి వెళ్లిపోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రండి. మూసి ఉన్న కారు కూడా భద్రమే, టైర్ల వల్ల కాదు, చుట్టూ ఉన్న లోహపు డొక్కు కరెంటును బయటి నుంచే నేలకు పంపేస్తుంది.

ఫొటోలు లోపల కిటికీ దగ్గర నుంచే బాగా వస్తాయి. ఐఎస్ఓ 100, ఎపర్చర్ 8, షట్టర్ 10 నుంచి 20 సెకన్లు, వరసగా తీస్తూ పోండి.

డాప్లర్
దీనికి నేనూ గొంతు కలుపుతాను. తుపానుల వెంట, టోర్నడోల వెంట పడే వీడియోలు చూసి అదే అసలైన అభిరుచి అనుకుంటారు. 2013 మే 31న ఓక్లహోమాలో ఎల్ రీనో దగ్గర వచ్చిన టోర్నడో 4 కిలోమీటర్లకు పైగా వెడల్పు పెరిగింది, ఉన్నట్టుండి దారి మార్చింది. దాంట్లో టిమ్ సమారస్, ఆయనతో ఉన్న మరో ఇద్దరు చనిపోయారు. టోర్నడోల లోపలి పీడనం కొలవడంలో ఏళ్ల తరబడి పనిచేసిన జాగ్రత్తపరుడు ఆయన.

వానకారు
వెదర్ స్టేషన్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మొదట వానమాపకం ఒక్కటి చాలు, మిగతావి తర్వాత. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు నీళ్లు, దీన్ని బట్టి అందరూ అందరితో పోల్చుకోవచ్చు. గోడలకు, చెట్లకు దూరంగా పెట్టండి, కనీసం వాటి ఎత్తుకు రెండింతల దూరం. రోజూ ఒకే టైమ్‌కు చూసి రాయండి. థర్మామీటర్ అయితే నీడలో, గాలి ఆడే చోట, నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉండాలి. కాంక్రీటు డాబా మీద ఎండలో పెట్టి 46 డిగ్రీలు అని ఫొటో పెడితే అది డాబా వేడి, గాలిది కాదు.

గ్రిడ్‌పాయింట్
లెక్కల గురించి: మొదట్లో కూడికలు, గుణకారాలు, గ్రాఫు చదవడం వస్తే సరిపోతుంది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ కంప్యూటర్లు లేని కాలంలో చేత్తోనే లెక్కగట్టి 6 గంటల వాతావరణాన్ని చెప్పాలని చూశాడు, 1922లో అచ్చువేశాడు, పీడనం 145 హెక్టాపాస్కల్స్ మారుతుందని వచ్చింది, నిజానికి ఆరోజు దాదాపు ఏమీ మారలేదు. అయినా ఆయన వేసిన పద్ధతే ఇప్పటి మోడల్స్‌కి పునాది. సమీకరణాలు కావాలనిపించినప్పుడు అవే మిమ్మల్ని లాగుతాయి, ముందుగా భయపడి ఆగిపోకండి.

కొత్తచినుకు
ఈరోజు పొద్దున యాప్ తెరవకుండా రాసింది ఇక్కడ పెడుతున్నాను, చూసి చెప్పండి.

ఏడింటికి: మబ్బు 2 ఆక్టాలు, అంతా పైన పల్చటిది, పడమర నుంచి కదులుతోంది. కింద గాలి ఆగ్నేయం నుంచి, ఆకులు కదిలేంత. డ్యూ పాయింట్ 25. నిన్న ఇదే టైమ్‌తో పోలిస్తే పీడనం 1 హెక్టాపాస్కల్ తక్కువ. నా అంచనా: మధ్యాహ్నం దాకా ఎండ, నాలుగు తర్వాత పడమర వైపు ఉరుములు, ఇక్కడ వాన పడే అవకాశం సగం సగం.

11 గంటలకు మొదటి క్యుములస్‌లు వచ్చాయి. ఉష్ణోగ్రత 33, లెక్క వేస్తే అడుగు 1000 మీటర్లు. కానీ రెండు గంటలైనా అవి ఎదగట్లేదు, వెడల్పుగానే ఉన్నాయి. మూత ఉందనుకోవచ్చా?

మేఘమాల
అనుకోవచ్చు, చదునుగా ఉండిపోయాయంటే పైన ఏదో అడ్డం ఉంది. మీకు దగ్గర్లోని కేంద్రం 00 యూటీసీ సౌండింగ్ తెరిచి ఉష్ణోగ్రత గీత ఎంత ఎత్తులో కుడికి వంగిందో చూడండి, ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల దగ్గరైతే మీరన్నది సరిపోయింది. ఇక అన్ని మబ్బుల్నీ చూడకుండా వాటిలో పెద్దది ఒకటి ఎంచుకుని దాన్నే ఇరవై నిమిషాలు చూడండి. పైభాగం కాలీఫ్లవర్‌లా గట్టిగా, అంచులు పదునుగా పొంగుతుంటే అది మూతను తోస్తోందన్నమాట. పొంగిన భాగం వెంటనే చెదిరిపోతూ ఉంటే ఇంకా తెగలేదు. బాగా ఎదిగాక పై అంచు పదును పోయి పీచులు పీచులుగా మారిందంటే మంచు పట్టింది, ఆ తర్వాత ఉరుముకు ఎక్కువసేపు పట్టదు. అమెరికాలో 1946, 1947ల్లో విమానాలను నేరుగా ఉరుముల మేఘాల్లోకి పంపి కొలిచినప్పుడు తేలిందేంటంటే ఒక్కో ఉరుముల మేఘపు కణం (సెల్) పుట్టి, ఎదిగి, కురిసి చచ్చిపోవడమంతా గంట లోపే. కాబట్టి మొదటిది కురిసి చల్లగాలి తగలగానే గాలి దిక్కు, టైమ్ రాసుకోండి, రెండోది పుట్టేది ఆ చల్లగాలి అంచు మీదే. అక్కడి నుంచి లెక్కపెట్టడానికి ఆ టైమ్ కావాలి.